హజ్రత్ హాజరా చేతులు కట్టుకుని కూర్చోలేదు

ఐసీయూ తలుపు బయట మన వాళ్ళ నోట రెండు మాటలు తరచూ వినబడతాయి. తల్లితో అనేది ఒకటి: "సబ్ర్ కరో బేటీ." తల్లి అటు తిరగ్గానే మగవాళ్ళు తమలో తాము అనుకునేది రెండోది: "అమ్మీకి మాత్రం చెప్పకండి."

ఈ రెండు మాటల మీదా నాకు ఝగడా ఉంది. మొదటిది పాక్ మాటే. కానీ దాన్ని మనం కుండ మీద మూతలా వాడుతున్నాం. రెండోది పైకి రహమ్‌లా కనిపిస్తుంది గానీ లోపలంతా జుల్మ్. ఈ రెండూ కలిసి తొమ్మిది నెలలు మోసిన మనిషిని, ఆమె బిడ్డ ప్రాణం గురించి నడుస్తున్న మాటల్లోంచే బయటికి నెట్టేస్తున్నాయి. ఆమె వరండాలో ఓ మూల తస్బీహ్ పట్టుకుని కూర్చుంటుంది. మనం చూసి "మాషాఅల్లా, ఎంత సబ్ర్!" అంటాం. ఆ మనిషికి ఏమీ తెలియదు కాబట్టి నిశ్శబ్దంగా ఉంది. తెలియకపోవడానికి సబ్ర్ అని పేరు పెట్టడం ఎప్పటి నుంచి మొదలైంది?

పోయిన వానాకాలం మా చెల్లెలి కూతురు, ఐదేళ్ళ పిల్ల, డెంగీతో పదకొండు రోజులు పిల్లల ఐసీయూలో ఉంది. వాళ్ళది రాయచోటి. తండ్రి కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. రాయచోటి, కడప వైపు ఇలాంటి ఇళ్ళు ఎన్నున్నాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. మగదిక్కు అక్కడ, బాధ్యత ఇక్కడ. ఇంటి ఫైసలాలన్నీ జేఠ్ చేతిలో.

నాలుగు రోజులు కాసిన జ్వరం ఐదో రోజు పొద్దున దిగిపోయింది. ఇంట్లో షుక్రానా. దాదీ మిరపకాయలతో నజర్ తీసింది. చెల్లెలు ఒక్కతే కాళ్ళు కాలిన పిల్లిలా తిరిగింది. "దీని చేతులు చల్లగా ఉన్నాయి. కడుపు నొప్పంటోంది. పొద్దున్నుంచి ఒంటికి పోలేదు." ఎవరు వింటారు? "బుఖార్ ఉతర్ గయా, అబ్ క్యా రోనా హై?" అన్నారు.

ఈ ఒక్క సంగతి చదివిన ప్రతి ఇల్లూ గుర్తు పెట్టుకోవాలి. డెంగీలో జ్వరం తగ్గే వేళే అన్నిటికంటే ఖతర్‌నాక్ వేళ. సాధారణంగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్యన వస్తుంది. అప్పుడు రక్తనాళాల గోడలు పలచబడి రక్తంలోని నీరు బయటికి ఊరిపోతుంది. ఒళ్ళు చల్లబడుతుంది, నాడి సన్నబడుతుంది, పిల్ల షాక్‌లోకి వెళుతుంది. తెరిపి లేని కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మూత్రం తగ్గడం, పిల్ల మత్తుగా పడుండటం లేదా ఊరికే విసుక్కోవడం, ఇవీ నిషానీలు. మన ఇళ్ళల్లో అందరూ ప్లేట్‌లెట్ లెక్క మీద, బొప్పాయి ఆకు రసం మీద బహస్ చేస్తుంటారు. ఆ గంటల్లో పిల్ల ప్రాణం తేల్చేది ఎక్కువగా ఒంట్లోని నీటి లెక్క. ఎంత సెలైన్ ఎక్కించాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నది. తక్కువైతే షాక్, ఎక్కువైతే ఆ నీరే ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

చెల్లెలు ఎవరి ఇజాజత్ కోసమూ ఆగలేదు. పిల్లని భుజాన వేసుకుని ఆటో ఎక్కింది. ఊళ్ళో డాక్టరు నాడి చూసి సెలైన్ పెట్టి 108లో కడపకి పంపాడు. అక్కడి నుంచి ఇంకో పెద్ద ఊరికి. అల్లా ఫజల్ తర్వాత ఆ పిల్ల ఈ రోజు బతికి ఉందంటే, చదువు పదో తరగతితో ఆగిన ఒక తల్లి గమనించిన మూడు నిషానీల వల్ల.

సరే, ఇప్పుడు చూడండి. ఐసీయూ తలుపు మూసుకున్న నిమిషం నుంచీ అదే తల్లి మాటకి విలువ పోయింది.

ఆసుపత్రి పేరు అనవసరం, అన్ని చోట్లా ఇదే కథ. డాక్టరు గారు బయటికొచ్చి అడిగిన మొదటి మాట: "మగవాళ్ళెవరున్నారు?" ఎదురుగా బురఖాలో నిలబడ్డ తల్లిని దాటి ఆయన చూపు వెనక్కి పోయింది. బురఖా వేసుకున్న మనిషికి తెలుగు రాదనుకున్నారో, బుర్ర లేదనుకున్నారో. మా చెల్లెలు తెలుగు మీడియంలో చదివింది. తెలుగులో నాకంటే బాగా తిడుతుంది. జేఠ్ ముందుకొచ్చాడు. కాగితాల మీద దస్తఖత్ చేశాడు. లోపల ఏమైందో ఆయనకి చెప్పారు. ఆయన కువైట్‌కి ఫోన్ చేసి తమ్ముడికి సగం చెప్పాడు. తల్లికి చెప్పింది ఒక్క ముక్క: "అంతా బాగుంది, దువా చెయ్."

రెండో రాత్రి పిల్ల ఛాతీలో నీరు చేరింది. ఊపిరి ఆడక వెంటిలేటర్ పెట్టారు. మళ్ళీ జేఠ్ దస్తఖత్. తల్లికి "ఆక్సిజన్ మాస్క్ పెట్టారంట" అన్నారు. మర్నాడు పొద్దున పది నిమిషాల ములాఖాత్‌కి ఒక్కరినే రానిస్తామంటే జేఠ్ వెళ్ళొచ్చాడు. "నువ్వు చూస్తే తట్టుకోలేవు." మధ్యాహ్నం బట్టలు మార్చే ఆయా లిఫ్ట్ దగ్గర చెల్లెల్ని చూసి, పాపం మంచి మనసుతోనే, "మీ పాపకి గొట్టం వేశారు కదమ్మా, భయపడకు, చాలా మందికి తీసేస్తారు" అంది.

తన బిడ్డ గొంతులో గొట్టం ఉందని ఒక తల్లికి లిఫ్ట్ దగ్గర తెలిసింది. పద్దెనిమిది గంటల తర్వాత.

జేఠ్ భాయ్ చెడ్డవాడు కాదు. నిద్ర లేకుండా తిరిగాడు, బైక్ తాకట్టు పెట్టి డబ్బు తెచ్చాడు. ఆయనకి నేర్పిందే అది: ఆడవాళ్ళకి చెడ్డ ఖబర్ చెప్పకపోవడం మగతనం, ఇజ్జత్. అందుకే నా ఝగడా ఆయనతో కాదు, ఆయనకి అది నేర్పిన మన అందరితో. ఆ రోజు వరండాలోనే ఆయనతో గట్టిగా మాట్లాడి, చెల్లెల్ని తీసుకుని డ్యూటీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న వయసు డాక్టరమ్మ. కూర్చోబెట్టి, చీటీ వెనక ఊపిరితిత్తుల బొమ్మ గీసి చెప్పింది. చెల్లెలు పడిపోలేదు. నాలుగు సవాళ్ళు అడిగింది. దానికి నొప్పి తెలుస్తోందా? నా గొంతు వినబడుతుందా? ఎన్ని రోజులు? నేనేం చెయ్యాలి? రెండు రోజులుగా మగవాళ్ళం ఐదారుగురం తిరుగుతున్నాం. బిల్లు ఎంతయిందని అడిగాం, ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడిగాం. ఈ నాలుగు మాటలు ఎవరి నోటా రాలేదు.

ఇప్పుడు దీన్ సంగతి. సబ్ర్ అనే మాట ఎత్తగానే మన బయానుల్లో అయ్యూబ్ అలైహిస్సలామ్ వస్తారు. బిడ్డ దాహంతో విలవిల్లాడుతుంటే తల్లి చూపిన సబ్ర్ ఎలా ఉంటుందో తెలియాలంటే మాత్రం హజ్రత్ హాజరా దగ్గరికే వెళ్ళాలి. నీళ్ళు లేని లోయలో పాలు తాగే ఇస్మాయీల్‌తో ఆమెని వదిలి ఇబ్రాహీమ్ అలైహిస్సలామ్ వెళుతుంటే ఆమె ఏం చేశారు? వెంట నడిచి అడిగారు. జవాబు రాకపోతే మళ్ళీ మళ్ళీ అడిగారు. ఇది అల్లా హుకుమేనా అని అడిగి, అవునన్నాకే నిమ్మళించారు. అంటే ముందు సవాల్, తర్వాత తవక్కుల్. నీళ్ళు అయిపోయి బిడ్డ గిలగిల్లాడినప్పుడు ఆమె "అల్లా మర్జీ" అని ఓ మూల కూర్చోలేదు. సఫా ఎక్కారు, మర్వా ఎక్కారు, ఏడు సార్లు పరుగెత్తారు. జమ్‌జమ్ ఆ పరుగు తర్వాతే వచ్చింది. ఈ రోజుకీ లక్షల మంది హాజీలు, పెద్ద పెద్ద గడ్డాల మౌలానాలతో సహా, ఆ తల్లి అడుగుల్లో అడుగులు వేస్తున్నారు. సయీ చేయనిదే హజ్ పూర్తి కాదంటాం. అదే హాజీ సాబ్ ఇంటికొచ్చి, ఐసీయూ బయట తన కోడలు "డాక్టర్ని నేనే అడుగుతా" అంటే "చుప్ బైఠ్" అంటాడు.

ఏడుపు సంగతీ అంతే. "రోనా మత్, గునాహ్ హై" అని తల్లి నోరు నొక్కే ఖాలాలు ప్రతి వరండాలోనూ ఉంటారు. రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లమ్ తన చిన్నారి కొడుకు ఇబ్రాహీమ్ చేతుల్లో ప్రాణం వదులుతుంటే కన్నీళ్ళు పెట్టుకున్నారు. మీరూనా అని అడిగిన వాళ్ళకి, ఇది రహమత్ అని జవాబిచ్చారు. యాకూబ్ అలైహిస్సలామ్ యూసుఫ్ కోసం చూపు పోయేదాకా కుమిలారు. ఆయన సబ్ర్‌నే ఖురాన్ అందమైన సబ్ర్‌గా చెబుతుంది. మన ఖాలాలు పైగంబర్ల కంటే పెద్ద సాబిరీన్‌లా?

"మర్జీ" మాటకి హైదరాబాద్‌లోనే ఒక జవాబు నిలబడి ఉంది. ఏడో నిజామ్ రెండో కొడుకు మొఅజ్జమ్ జాహ్ భార్య నీలోఫర్ బేగం. ఆమె దగ్గర పనిచేసే రఫత్ ఉన్నిసా కాన్పులో చనిపోయింది. నీలోఫర్ తక్దీర్ అని తస్బీహ్ తిప్పుతూ ఊరుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆమె ఊరుకోలేదు. ఇంకో రఫత్ ఇలా పోకూడదని తల్లులకి, పిల్లలకి ఆసుపత్రి కావాలని పట్టు పట్టారు. 1953లో మొదలైన నీలోఫర్ ఆసుపత్రి అలా వచ్చింది. తెలంగాణ, ఆంధ్ర పల్లెల నుంచి ఎన్ని తరాల పిల్లలు, ఏ మజహబ్ వాళ్ళయినా, ఆ గేటు లోంచి బతికి వచ్చారో లెక్క లేదు. తక్దీర్‌ని నమ్మిన వాళ్ళు చేసే పని అలా ఉంటుంది.

ఇక ఆసుపత్రుల వాళ్ళతో రెండు మాటలు. "తల్లిదండ్రులు లోపలికొస్తే ఇన్ఫెక్షన్" అంటారు. చేతులు కడగకుండా, చెప్పులతో, గుంపుగా వస్తే నిజమే. కడుక్కుని, గౌను వేసుకుని, ఒక్క మనిషిగా వచ్చిన తల్లి సంగతి వేరు. ఇది నా సొంత మాట కాదు. ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో పుట్టిన పసికందుల యూనిట్‌లో తల్లిదండ్రులకి శిక్షణ ఇచ్చి లోపలికి రానిచ్చారు. ఆ తజుర్బా మీదే కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. చేతులు కడగడం, పాలు పట్టడం, బిడ్డని గమనించడం తల్లిదండ్రులకి నేర్పి సేవలో భాగం చేయమని. ఇంకో లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌తో పాటు ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన పిల్లల మీద ఒక అధ్యయనం చేసింది. మన దేశంలో అది ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో జరిగింది. 2021లో ఫలితం వచ్చింది. పుట్టిన వెంటనే ఐసీయూలోనే తల్లిని పక్కన ఉంచి, బిడ్డని ఆమె ఛాతీకి ఆనించి పెట్టిన చోట 28 రోజుల్లో చనిపోయినవాళ్ళు నూటికి 12 మంది. ముందు పాత పద్ధతిలో విడిగా ఉంచిన చోట దాదాపు 16 మంది. అందుకోసం తల్లికి ఐసీయూలోనే మంచం వేశారు. తల్లిని బయట కూర్చోబెట్టడమే భద్రత అయితే ఈ లెక్క తిరగబడాలి కదా? అది పసికందుల లెక్క. ఐదేళ్ళ పిల్లకి అదే అంకె వర్తిస్తుందని నేను అనను. తల్లి వస్తే హానే అనే వాదన మాత్రం అక్కడే కూలిపోయింది.

ఐదేళ్ళ పిల్లకి తల్లి ఎందుకో మా ఇంట్లోనే చూశాం. ఎనిమిదో రోజు గొట్టం తీశారు. అందరం ఖుష్. ఆ రాత్రి నుంచి పిల్ల వింతగా మారింది. గోడ మీద చీమలు పాకుతున్నాయంటుంది, లేనివాళ్ళని చూసి అరుస్తుంది, దాదీని చూసి గుర్తు పట్టదు. అంతే, వరండాలో గుసగుసలు మొదలు. "అసర్ హై." "ఆసుపత్రిలో సాయా పట్టింది." ఒక పెద్దాయన ఆమిల్‌కి ఫోన్ కూడా కలిపాడు. పాణీ, తావీజ్, ఐదు వేలు.

ఐసీయూలో ఉన్న పిల్లలకి ఇది తరచూ జరుగుతుంది. డాక్టర్లు డెలీరియం అంటారు. రోజుల తరబడి నిద్ర మందులు, పగలూ రాత్రీ ఒకేలా వెలిగే లైట్లు, మిషన్ల చప్పుడు, చుట్టూ తెలియని మొహాలు. వీటన్నిటితో బుర్ర అయోమయంలో పడుతుంది. ఎక్కువ మందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. చెల్లెలు ఆమిల్ మాట పక్కన పెట్టి నర్సుతో చెప్పింది: "ఇది నా పిల్ల తీరు కాదు." ఆ ఒక్క మాటే డాక్టర్లకి కావాల్సింది. పిల్ల మామూలుగా ఎలా ఉంటుందో మిషన్‌కి తెలియదు, తల్లికే తెలుసు. నిద్ర మందు తగ్గించారు. రాత్రి లైట్లు ఆర్పారు. చెల్లెల్ని పక్కనే కూర్చోనిచ్చారు. ఇంటి నుంచి పిల్ల పాత దుప్పటి తెప్పించాం. రోజూ పడుకోబెట్టేటప్పుడు చదివే దువా తల్లి నెమ్మదిగా చెవిలో చదివేది. మూడో రోజుకి "అమ్మీ, ఇడ్లీ" అంది. ఆమిల్ సాబ్‌కి ఐదు వేలు నష్టం.

ఆ దువా పనిచేయలేదని ఎవరూ అనుకోకండి. దువా చదివే మనిషిని పిల్ల పక్కకి చేరనివ్వడమే మా లడాయి అంతా.

ఇప్పుడు మనల్ని మనం కూడా అడుక్కోవాలి. ఆసుపత్రి తల్లికి తలుపు మూయడానికి సగం కారణం మనం తెచ్చే బారాత్. ఒక పిల్ల ఐసీయూలో ఉంటే రెండు జీపుల్లో ముప్పై మంది దిగుతారు. బీమారు అయాదత్ సవాబ్ పనే, సందేహం లేదు. అయాదత్‌కి అదబ్ ఉందని, తక్కువ సేపు ఉండి లేచిపోవడం అందులో మొదటిదని ఉలమా చెబుతూనే ఉన్నారు. మనం మాత్రం బిర్యానీ డబ్బా తెరిచి వరండాలో దస్తర్‌ఖాన్ పరుస్తాం. వచ్చిన ప్రతి ఫుప్పూకి తల్లి మొదటి నుంచి కథంతా చెప్పాలి. తర్వాత ఆ ఫుప్పూ తన ఎరికలో ఇలాగే పోయిన పిల్లల కథలు చెబుతుంది. చివర్న "నువ్వే సరిగ్గా చూసుకోలేదేమో" అని ఒక ముల్లు గుచ్చి "సబ్ర్ కర్" అని లేస్తుంది. ఇది ఖిద్మత్ అవుతుందా?

"చెబితే ఆడది తట్టుకోలేదు" అనే వాళ్ళకి ఒక తల్లి సంగతి చెబుతాను. అదే వరండాలో మా పక్కన ఉండేది. తొమ్మిది నెలల బాబు, పుట్టుకతో గుండె జబ్బు. ఒక రోజు పొద్దున్నే డాక్టర్లు మగవాళ్ళని పిలిచి, ఇక గంటలే అని చెప్పారు. మగవాళ్ళు ఆమెతో "బాబు నిద్రపోతున్నాడు, నువ్వు లాడ్జికి వెళ్ళి స్నానం చేసి, తిని, జొహర్ చదివి రా" అన్నారు. ఆమె నమ్మి వెళ్ళింది. అన్నం తింది. నమాజ్‌లో బాబు షిఫా కోసం సజ్దాలో చాలా సేపు ఉందట. తిరిగొచ్చేసరికి తెల్ల గుడ్డలో చుట్టి ఇచ్చారు.

ఆమె అరిచింది చావు గురించి కాదు. "నాకు చెప్పుంటే ఒక్కసారి ఒళ్ళో పెట్టుకునేదాన్ని కదా భయ్యా, వాడు నన్ను వెతుక్కున్నాడేమో" అంది. ఆమె కంటి ముందు జరగకపోతే బాధ తగ్గుతుందనుకున్నారు మగవాళ్ళు. బాధ తగ్గలేదు. పైన ఒక సవాల్ చేరింది. దానికి జవాబు చెప్పగలవాళ్ళు ఈ దునియాలో లేరు. వెంటిలేటర్ ఖర్చుని ఎలాగో తీర్చుకుంటాం. ఆ ఒక్క గంటని ఎవరు ఎలా తీరుస్తారు?

పర్దా అడ్డం చెప్పేవాళ్ళకి కూడా ఒక మాట. "గైర్ మర్ద్ డాక్టర్లతో ఇంటి ఆడది మాట్లాడటమా?" అంటారు. బిడ్డ ప్రాణం గురించి హకీమ్‌తో మాట్లాడటానికి ఏ షరీఅత్ అడ్డు? జంగ్‌లో గాయపడ్డ సహాబాలకి రుఫైదా కట్లు కట్టారని మదర్సాలో మనమే చదువుకున్నాం. పర్దాలో ఉండే సవాల్ అడగొచ్చు, పర్దాలో ఉండే దస్తఖత్ పెట్టొచ్చు. తండ్రి ఊళ్ళో లేనప్పుడు తల్లి దస్తఖత్ చాలు. జేఠ్ కోసం గంటలు ఆగాల్సిన అవసరం లేదు.

తిట్టి వదిలేయడం నా ఆదత్ కాదు. ఏం చేయాలో కూడా రాస్తున్నాను.

ఇంట్లో: పిల్ల ఐసీయూలో చేరిన రోజే పనులు పంచుకోండి. డాక్టర్లతో మాట్లాడటానికి తల్లీ, తోడుగా ఇంకొక్కరు. రోజూ ఒక నోట్‌బుక్‌లో తారీఖు వేసి, ఏం చెప్పారు, ఏ మందు మార్చారు, రేపు ఏం చూస్తారు, మూడు ముక్కలు రాయండి. బంధువులకి ఖబర్ ఇవ్వడానికి వేరే ఒకరు, రోజుకి ఒకే మెసేజ్. రక్తం, డబ్బు, కాగితాల తిరుగుడు మగవాళ్ళది. ఇంటి దగ్గర మిగిలిన పిల్లల్ని చూసేది ఒకరు. మా భాంజీ అన్న, ఎనిమిదేళ్ళ వాడు, పదకొండు రోజులూ ఎవరింట్లో పడితే వాడింట్లో తిన్నాడు. చెల్లి చనిపోయిందనీ, తనకి చెప్పట్లేదనీ అనుకున్నాడు. "చెప్పకండి" జబ్బు పిల్లలకీ అంటుతుంది.

ఆసుపత్రిలో: అడగడానికి సిగ్గు పడకండి. ఈ రోజు నిన్నటికంటే మెరుగా, అలాగే ఉందా, దిగిందా? దేని గురించి ఎక్కువ ఫికర్? నేను ముట్టుకోవచ్చా, మాట్లాడొచ్చా? బిల్లు వివరంగా అడగడం మీ హక్. ఇంకో డాక్టరు సలహా తీసుకోవడం మీ హక్. 2002 వైద్య మండలి నిబంధనల ప్రకారం మీరు అడిగిన 72 గంటల్లో మెడికల్ రికార్డులు ఇవ్వాలి. ఆరోగ్యశ్రీ లాంటి పథకం వర్తిస్తుందా అని చేరిన రోజే ఆ డెస్క్ దగ్గర కనుక్కోండి. బైకు తాకట్టు పెట్టాక కనుక్కుంటే ఏం లాభం?

మస్జిద్ కమిటీ సదర్ సాబ్‌లకి: మీనార్‌కి చందా ఒక్క జుమాలో పోగవుతుంది, ఏసీలకి రెండు జుమాల్లో. బీమారు పిల్లల కోసం ఒక పెట్టె ఏది? ముస్తహిక్ కుటుంబానికి జకాత్ ఇవ్వొచ్చని మీకు తెలుసు. పెద్ద ఆసుపత్రి ఉన్న ప్రతి ఊళ్ళో మస్జిద్ పక్కన ఒక గది ఆడవాళ్ళ కోసం తెరవండి. వుజూకి నీళ్ళు, పడుకోవడానికి చాప, తలుపుకి గడియ, చాలు. ఊరు కాని ఊళ్ళో పిల్ల ఐసీయూలో ఉన్న తల్లి రాత్రి ఎక్కడ పడుకుంటుందో ఒక్కసారి వెళ్ళి చూడండి. మెట్ల కింద. మన కుర్రవాళ్ళు రక్తం ఇవ్వడంలో ముందుంటారు, ఏ మజహబ్ అని అడగరు. అది నేను కళ్ళారా చూశాను. ఆ కుర్రవాళ్ళకి ఉన్న సలీఖా కమిటీలకీ రావాలి.

ఇంటికొచ్చాక: పని అయిపోలేదు. ఐసీయూ నుంచి వచ్చిన పిల్లలు నెలల తరబడి నీరసంగా ఉండొచ్చు, రాత్రుళ్ళు ఉలిక్కిపడొచ్చు, పక్క తడపొచ్చు. తల్లికీ నిద్ర పట్టకపోవచ్చు. ఫోన్ మోగినా, ఎక్కడో బీప్ వినబడినా గుండె జారొచ్చు. అది నాషుక్రీ కాదు, జబ్బు మిగిల్చిన జబ్బు. డాక్టరుకి చూపించాలి. "పిల్ల బతికింది కదా, ఇంకేం ఏడుపు?" అనకండి. మా చెల్లెలు ఇప్పటికీ రాత్రి రెండింటికి లేచి పిల్ల చేతులు పట్టుకుని చూస్తుంది, వెచ్చగా ఉన్నాయా అని.

చివరగా గల్ఫ్‌లో ఉన్న తండ్రులారా, మీతోనే. పిల్ల బీమారు అని ఖబర్ వస్తే మొదటి ఫోన్ అన్నకి కాదు, భార్యకి చేయండి. "డాక్టర్ ఏమన్నాడు?" అని ఆమెనే అడగండి. ఆమెకి తెలియదంటే, ఆమెకి చెప్పమని అన్నతో మీరే అనండి. మీ నోటి నుంచి ఆ మాట వస్తే ఇంట్లో ఎవరూ కాదనరు. ఐసీయూ తలుపు తెరుచుకుని "మగవాళ్ళెవరున్నారు?" అని అడిగినప్పుడు, అక్కడున్న మగవాళ్ళు చెప్పాల్సిన జవాబు ఒకటే: "పిల్ల తల్లి ఉంది. ఆమెతో మాట్లాడండి, మేము పక్కన నిలబడి వింటాం."